పిలవకుండా వచ్చే తలంపు పాపమా? నా అనుభవం

మా వంటగది తలుపు వెనక చర్చి క్యాలెండర్ వేలాడుతుంటుంది, పాల ప్యాకెట్ల లెక్క దాని మీదే గీతలు పెట్టి రాస్తాను. రెండేళ్ల కిందట తపస్సుకాలంలో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో, ఒకరోజు మా ఆయన దాని ముందు నిలబడి, "ఇదేంటి, ఒక్కరోజులో పదిహేడు ప్యాకెట్లు తీసుకున్నామా?" అని అడిగారు. అవి పాల గీతలు కావు. ఆ రోజు నా మనసులోకి వచ్చిన చెడ్డ తలంపుల లెక్క. చావైన పాపాలైతే, అంటే దేవుడి నుంచి మనిషిని తెంచేసే పెద్ద పాపాలైతే, ఏ రకమో, ఎన్నిసార్లో కూడా చెప్పాలని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, నియమం, అందుకని శనివారం ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే కన్ఫెషన్‌లో లెక్క తప్పకూడదని పెన్సిల్‌తో సన్నగా గీసుకునేదాన్ని. ఆయనకు ఏదో సర్దిచెప్పాను. ఆయన స్నానానికి వెళ్లాక, అబద్ధం చెప్పినందుకు ఇంకో గీత గీశాను.

ఈ బాధలో ఉన్నవాళ్లు బయటికి చెప్పుకోరు, నేనూ చెప్పుకోలేదు. తెలుగులో దీని గురించి ఎవరైనా రాసి ఉంటే నాకు ఏడాదిన్నర మిగిలేది. అందుకే రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా, తాతల కాలం నుంచి కతోలికులం. సాయంత్రం జపమాల అవ్వకుండా ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు కాదు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాను, మోతీనగర్‌లో ఉంటాం. మా పాప తొలి సత్ప్రసాదానికి, అంటే పూజలో ఇచ్చే పవిత్ర అప్పం మొదటిసారి తీసుకోవడానికి, తయారవుతున్న ఏడాది ఇదంతా మొదలైంది. ఒక ఆదివారం పూజలో ఫాదర్ సత్ప్రసాదాన్ని పైకెత్తారు, గంట మోగింది, చర్చి అంతా నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడు నా మనసులో ఒక బూతు మాట వచ్చింది, ఆ తెల్లటి అప్పాన్ని ఉద్దేశించి. వీధిలో ఎవరైనా తాగి కొట్లాడుకునేటప్పుడు వినిపించే మాట అది, నా నోటితో జన్మలో అననిది. ఒళ్లంతా చల్లబడిపోయింది. ఎవరైనా విన్నారేమో అని పక్కకు చూశాను కూడా.

మరుసటి వారం వస్తుందేమో అని భయపడుతూ వెళ్లాను, వచ్చింది. ఆ తర్వాత గంట మోగక ముందే రావడం మొదలైంది, తర్వాత ఇంట్లో మరియ తల్లి పటం ముందు, తర్వాత పాప నిద్రపోతుంటే దాని నుదుటి మీద సిలువ గుర్తు వేసేటప్పుడు. ఇంకొన్నాళ్లకు మరో రకం మొదలైంది. దొండకాయలు కోస్తుంటే పాప పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటుంది, నా చేతిలో కత్తి ఉంటుంది, ఆ కత్తి ఎటు తిరగగలదో ఒక బొమ్మలాగా కళ్ల ముందు కనిపిస్తుంది. కత్తి అక్కడే పడేసి బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకునేదాన్ని. కూరగాయలు కోసే పని మా అత్తగారికి అప్పగించాను, చేతులు నొప్పని చెప్పి. మూడో రకం ఇక్కడ రాయలేను, చర్చిలో మనుషుల్ని చూస్తే వచ్చేవి.

పూజ మొదట్లో అందరం తలంపుల్లో, మాటల్లో, చేతల్లో పాపం చేశామని రొమ్ము తట్టుకుని ఒప్పుకుంటాం కదా, అందులో తలంపులే ముందు వస్తాయి. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేసేది. మత్తయి 5వ అధ్యాయంలో మోహంతో చూసినవాడు అప్పటికే హృదయంలో వ్యభిచరించాడని ప్రభువే అన్నాడు. మార్కు 3వ అధ్యాయంలో పవిత్రాత్మను దూషించినవాడికి ఎన్నటికీ క్షమాపణ లేదని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రి రెండింటి దాకా కూర్చునేదాన్ని. నేను చేసింది ఆ క్షమించరాని పాపమే అయితే, ఇక కన్ఫెషన్‌కు వెళ్లి ఏం లాభం?

అయినా వెళ్లేదాన్ని. మొదట వారానికోసారి, తర్వాత రెండుసార్లు, మూడుసార్లు. శనివారం సాయంత్రం పాపసంకీర్తనం, అదే కన్ఫెషన్, చేసి బయటికొస్తే ఒక గంట, మహా అయితే రెండు గంటలు ప్రాణం తేలికగా ఉండేది. ఆదివారం పొద్దున పూజకు తయారయ్యేలోపు మళ్లీ ఏదో ఒకటి వచ్చేది, అంతే, సత్ప్రసాదానికి అర్హత పోయినట్టే. అందరూ లైన్లో వెళ్తుంటే నేను బెంచీలో కూర్చుండిపోయేదాన్ని. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఒక్క ఆదివారం అలా కూర్చుంటే ఫర్వాలేదు, వరసగా నాలుగు వారాలు కూర్చుంటే "వంట్లో బాలేదా?" అని పలకరింపులు మొదలవుతాయి, ఆ పలకరింపు వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది.

ఒకే ఫాదర్ దగ్గరికి అన్నిసార్లు వెళ్లడానికి సిగ్గేసి ఊరంతా తిరిగాను. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, సికింద్రాబాద్‌లో సెయింట్ మేరీస్ బసిలికా, ఖైరతాబాద్ వేళాంగణి మాత గుడి. ఆఫీసులో పర్మిషన్ పెట్టి మెట్రోలో వెళ్లేదాన్ని, దారిలో క్యాలెండర్ గీతలన్నీ ఒక చీటీ మీదికి ఎక్కించుకుని. ఏదైనా చెప్పడం మర్చిపోయానని మెట్లు దిగాక గుర్తొస్తే మళ్లీ లైన్లో నిలబడ్డ రోజులున్నాయి. పాపాలకు పశ్చాత్తాపపడుతూ చెప్పే మనస్తాప జపం మధ్యలో చెడ్డ తలంపు వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అది నేను పెట్టుకున్న రూల్, ఎవరూ చెప్పలేదు. ఒక రాత్రి ఆ ఒక్క జపం పూర్తి చేయడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఒక ఫాదర్, ఎక్కడో చెప్పను, "అలాంటి ఆలోచనలు రానివ్వకూడదమ్మా, ఇంకా గట్టిగా ప్రార్థన చెయ్" అన్నారు. నా వెనక ఇరవై మంది లైన్లో ఉన్నారు, ఆయన మంచికే చెప్పారు. కానీ నాలాంటి మనిషికి ఆ మాట విషం. రానివ్వకూడదు అంటే కాపలా కాయాలి, కాపలా కాయాలంటే ఎవరు వస్తారా అని ఎదురుచూస్తూ ఉండాలి. ఆ వారమే ఒక్కరోజు లెక్క పదిహేడు దాటింది.

చివరికి ఒక పెద్దాయన దొరికారు. రిటైరైన ఫాదర్, డెబ్భై దాటి ఉంటాయి, మామూలు వారం పూట, చర్చిలో ఇద్దరు ముగ్గురే ఉన్న టైంలో కూర్చుని ఉన్నారు. నేను చీటీ తీసి చదవడం మొదలుపెట్టాను. సగం చదివాక ఆపమన్నారు.

"ఆ బూతు మాట వచ్చినప్పుడు నీకు ఇష్టంగా ఉందా అమ్మా?"

"ఛీ, లేదు ఫాదర్. చచ్చిపోవాలనిపించింది."

"మరి ఒప్పుకున్నది ఎవరు?"

నాకు జవాబు తోచలేదు. అప్పుడు ఆయన అడిగారు, చావైన పాపానికి కావలసినవి ఏంటో చెప్పు అని. మా పాపకు నేనే నేర్పించినవి అవి, గడగడా చెప్పాను: విషయం పెద్దదై ఉండాలి, అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, తెలిసీ మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేయాలి. 1992లో పోప్ రెండో జాన్ పాల్ ఆమోదించిన, శ్రీసభ బోధనలుండే సత్యోపదేశ గ్రంథంలో 1857వ పేరా ఇదే. మూడూ కలిసి ఉండాలి. "మూడోది నీ దగ్గర లేదు. లేనిదాన్ని చీటీ రాసి తెచ్చావు" అన్నారు.

అదే గ్రంథంలో 2847వ పేరాలో శోధన రావడం వేరు, శోధనకు ఒప్పుకోవడం వేరు అని స్పష్టంగా ఉంది. నేను ఆ తర్వాత చూసుకున్నాను. 1546లో బిషప్పులు కూడిన ట్రెంట్ మహాసభ కూడా ఇదే తేల్చింది: జ్ఞానస్నానం తర్వాత కూడా పాపం వైపు లాగే గుణం మనిషిలో మిగిలే ఉంటుంది, దానితో పోరాడటానికే అది ఉంది, ఒప్పుకోనివాళ్లకు అది హాని చేయలేదు. ఈ మాట దాదాపు ఐదువందల ఏళ్ల నుంచి ఉంది, నేను మాత్రం చీటీలు రాసుకుంటూ తిరిగాను. ఇంకోటి ఫాదర్ అడిగింది ఇప్పటికీ నా చెవిలో ఉంది: ఎడారిలో నలభై రోజులున్న ప్రభువుకు సైతాను "నాకు సాగిలపడి మొక్కు" అన్నాడు కదా, ఆ మాట ఆయన చెవిన పడిందా లేదా? పడింది. చెవిన పడినందుకు ఆయన పాపి అయ్యాడా?

నేను అప్పటికీ వదల్లేదు. ఈ రోగమే అంత, ఎంత మంచి జవాబు చెప్పినా దాని కింద ఇంకో ప్రశ్న తవ్వుకుంటుంది. "కానీ ఫాదర్, ఒక్క సెకను నేను ఒప్పుకున్నానేమో, నాకే తెలియకుండా?" అని అడిగాను. ఆయన కాసేపు ఊరుకుని, "సరే, నువ్వు నిజంగా ఒప్పుకున్న తలంపు ఒకటి చెప్పు. ఇష్టపడి, పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది" అన్నారు.

చాలాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే ఒకటి ఉంది, వెంటనే గుర్తొచ్చింది. మా పెద్ద వదిన, అంటే మా ఆయన అక్కగారు. అత్తగారి గాజుల దగ్గర మాకు మాటా మాటా వచ్చి మూడేళ్లయింది. ప్రతి రాత్రీ పడుకున్నాక నేను ఆవిడ మీద ఒక కథ నడుపుకుంటాను. ఆవిడ కూతురి సంబంధం చెడిపోతుంది, ఆవిడ మా గుమ్మంలోకి వస్తుంది, నలుగురి ముందూ నేను ఒక మాట అంటాను, ఆవిడ తల దించుకుంటుంది. ఆ అనే మాటను రోజూ కొంచెం కొంచెం దిద్దుకునేదాన్ని, ఇంకా పదునుగా. మధ్యలో పాప దగ్గితే లేచి నీళ్లిచ్చి వచ్చి, ఎక్కడ ఆపానో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. అందులో భయం లేదు, చెమటలు లేవు, హాయిగా నిద్ర పట్టేది. మూడేళ్లలో దాని పేరున క్యాలెండర్ మీద ఒక్క గీత కూడా లేదు.

అది ఫాదర్‌కు చెప్పాను. "ఇప్పుడు రెండింటికీ తేడా నీకే తెలిసింది. ఒప్పుకోవడం అంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. అది వెతుక్కుంటే కనిపించేంత చిన్నది కాదు, వెతక్కుండానే తెలిసేది" అన్నారు. తలంపులతో పాపం జరగదని ఆయన అనలేదు, నేనూ అనడం లేదు. ఇతరుల భార్యను, సొత్తును ఆశించొద్దనే తొమ్మిదో ఆజ్ఞ, పదో ఆజ్ఞ మనసులో జరిగేవాటి గురించే. మత్తయి 5లో మాట కూడా, కావాలని ఆ చూపు నిలిపి దాన్ని పెంచుకునేవాడి గురించి, కళ్లు మూసుకుని పారిపోయేవాడి గురించి కాదు. ఇక పవిత్రాత్మను దూషించడమంటే దేవుడి దయ నాకు అక్కర్లేదని చివరిదాకా తెలిసి తోసేయడం అని సత్యోపదేశం 1864లో ఉంది. వారానికి మూడుసార్లు దయ కోసం మెట్రో ఎక్కే మనిషి అది ఎలా చేస్తుంది?

ఆయన నాకు కొన్ని షరతులు పెట్టారు. ఇకపై ఒకే ఫాదర్ దగ్గర, నెలకోసారే కన్ఫెషన్. ఈ మూడు రకాల తలంపుల్ని అసలు చెప్పకూడదు, "ఒకవేళ ఒప్పుకున్నానేమో" అనేవి కూడా చెప్పకూడదు, అనుమానంగా ఉందంటే కాదు అన్నట్టే లెక్క. క్యాలెండర్ మీద గీతలు ఉండకూడదు. ఆదివారం సత్ప్రసాదానికి లేచి వెళ్లాలి, వెళ్లే ముందు మనసులో తనిఖీ చేసుకోకూడదు. "ఇందులో తప్పేమైనా ఉంటే దేవుడి ముందు జవాబు నేను చెప్పుకుంటాను, నీ పని నా మాట వినడం" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను మొదటి ఆదివారం బెంచీలోంచి లేవగలిగాను, కాళ్లు వణుకుతుంటే.

లేని పాపాన్ని ఉందేమో అని వెతుక్కునే ఈ బాధకు శ్రీసభలో పాత పేరే ఉంది, స్క్రూపుల్ అంటారు. లాటిన్‌లో స్క్రూపులస్ అంటే చిన్న పదునైన రాయి. చెప్పులో రాయి అంటే మనకు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యేసుసభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్, మా వైపు ఇన్నయ్య, ఇన్నమ్మ అని పెట్టుకునే పేర్లు ఆయనవే, 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు సరిగ్గా ఇందులోనే పడ్డాడు. అంతకు ముందే మూడు రోజులు రాసి మరీ జీవితమంతటి పాపసంకీర్తనం చేశాడు, అయినా ఏదో మిగిలిపోయిందని మళ్లీ మళ్లీ చెప్పేవాడు. పాత పాపాలు బాగా స్పష్టంగా ఉంటే తప్ప చెప్పొద్దని గురువు అంటే, ఆయనకు అన్నీ స్పష్టంగానే కనిపించాయట! అది చదివి ఏడ్చాను. ప్రాణం తీసుకోవాలన్న శోధన దాకా వెళ్లాడు ఆయన. తర్వాత ఆధ్యాత్మిక సాధనలు అనే తన పుస్తకంలో ఒక ఉదాహరణ రాసుకున్నాడు: నేల మీద రెండు గడ్డిపరకలు సిలువలా పడి ఉంటే చూసుకోక తొక్కాను, పాపం చేశానా, చేయలేదా, అని లోపల ఊగులాట. చిన్న పుష్పం అని పిలిచే ఫ్రాన్స్ పునీతురాలు తెరేజమ్మకు కూడా 1885లో, పన్నెండేళ్ల వయసులో ఇది పట్టుకుంది, ఏడాదిన్నర ఉంది. రోజూ అక్క మరియకు అన్నీ చెప్పుకుని ఏడ్చేది. నేను ప్రతి ఏడూ అక్టోబరు 1న ఆవిడకు పూలు పెట్టేదాన్ని, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ షరతులు పెట్టిన నాలుగో నెలలో ఫాదర్ డాక్టర్‌ను చూడమన్నారు. కన్ఫెషన్‌లో విన్నది బయట నాతో కూడా ఆయన ఎత్తకూడదు, నియమం అంత గట్టిది, అందుకని "బయట ఆఫీసు రూంలో కూర్చుందాం, చెప్పాలనుకుంటే అక్కడ మళ్లీ చెప్పు" అన్నారు. నాకు కోపం వచ్చింది. పిచ్చాసుపత్రి అక్కడే ఉంది కాబట్టి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనేది ఊరి పేరుగా ఎవరూ వాడరు, తిట్టుగా వాడతారు. మేమున్నది దాని పక్కనే, రోజూ మెట్రో ఎక్కేది ఆ స్టేషన్‌లోనే. నా విశ్వాసం గురించి అడిగితే నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారా అనుకున్నాను. మా పిన్ని అయితే దయ్యం పని అంది, ఉపవాస ప్రార్థనకు రమ్మంది. చివరికి మా ఆయనకు ఆ క్యాలెండర్ గీతల సంగతి చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు, మర్నాడు సెలవు పెట్టి నన్ను అమీర్‌పేటలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లారు.

ఆ డాక్టరమ్మ హిందువు. నేను బూతు మాట సంగతి చెప్పడానికి పది నిమిషాలు తడబడితే, ఆవిడ మామూలుగా తల ఊపి, గుళ్లో హారతి కళ్లకద్దుకుంటుంటే ఇలాంటి మాటలే వస్తాయని ఏడ్చేవాళ్లు, నమాజు ముందు కాళ్లూ చేతులూ కడిగింది చాలలేదని మళ్లీ మళ్లీ కడిగేవాళ్లు తన దగ్గరికి వస్తారని చెప్పింది. దీన్ని ఓసీడీ అంటారు, వద్దన్నా ఆలోచనలు రావడం, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం, మనిషికి ఏది ప్రాణంతో సమానమో దాని మీదే పడుతుందట. నాకు దేవుడు, నా బిడ్డ. అనుకోని పాడు ఆలోచనలు మామూలు మనుషుల్లో కూడా చాలామందికి వస్తాయని 1978లోనే రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు చూపించారట. వాళ్లు వదిలేస్తారు, మేం పట్టుకుంటాం. ఇంకోటి చెప్పింది: 1987లో వెగ్నర్ అనే సైకాలజిస్టు విద్యార్థుల్ని ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు, ఆలోచన వస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. నాకు మా చర్చి గంట, నా క్యాలెండర్ గీతలు గుర్తొచ్చాయి.

మాత్రలు వాడాను, మొదటి రెండు వారాలు వికారం, ఆరు వారాల దాకా తేడా ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను, మా ఆయన మాననివ్వలేదు. మూడో నెలలో పట్టు సడలింది. దానితో పాటు థెరపీ. అందులో హోంవర్క్ ఏంటంటే, పూజలో ముందు బెంచీలో కూర్చుని, సత్ప్రసాదం పైకెత్తినప్పుడు కళ్లు తెరిచి చూడాలి, మాట వస్తే రానివ్వాలి, దానికి విరుగుడుగా జపం చెప్పకూడదు, సిలువ గుర్తు మళ్లీ మళ్లీ వేసుకోకూడదు. ఒకసారి ఆ బూతు మాటను కాగితం మీద రాయమన్నారు, నాకు మనసొప్పలేదు, ఫాదర్‌ను అడిగితే అక్కర్లేదన్నారు, అదే చెబితే థెరపిస్టు కాదనకుండా మార్చింది. "పూజలో నాకు చెడ్డ మాట రావచ్చు, రాకపోవచ్చు" అని రోజూ పది సార్లు రాయించింది. మన విశ్వాసాన్ని గౌరవించే థెరపిస్టు దొరకరేమో అనే భయం ఉన్నవాళ్లకు ఇది చెబుతున్నాను.

అన్నిటికంటే కష్టమైనది దొండకాయలు. పాప పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంటే నేను కోయాలి. మొదటి రోజు నాలుగు కాయలు కోసేసరికి చేతులు చెమటకు జారిపోతున్నాయి, ఆ బొమ్మ కళ్ల ముందు ఆడుతూనే ఉంది. లేవలేదు. పదమూడో ఎక్కం దగ్గర అది తప్పు చెప్పింది, నేను దిద్దాను. పావుకిలో పూర్తయింది.

ఇప్పుడు తలంపులు రావడం లేదా అంటే, వస్తాయి, వారంలో రెండో మూడో, పరీక్షల టైంలో, నిద్ర చాలనప్పుడు ఎక్కువ. గంట మోగినప్పుడు వస్తే అలాగే చూస్తూ ఉంటాను, లైన్లో నిలబడతాను, సత్ప్రసాదం తీసుకుంటాను. కన్ఫెషన్ నెలకోసారే. మెట్లు దిగాక ఏదో మర్చిపోయినట్టు అనిపిస్తుంది ఇప్పటికీ, వెనక్కి వెళ్లను.

వదిన సంగతి మాత్రం పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను, సరిగ్గా, ఎన్నేళ్లు నడిపానో. ఆవిడ పేరున ఒక పరలోక జపం, అదే ప్రభువు నేర్పిన ప్రార్థన, చెప్పమన్నారు ప్రాయశ్చిత్తంగా, అది చెప్పడానికి కష్టమైంది, ఆ బూతు మాటల కన్నా. పోయిన క్రిస్మస్‌కు ఫోన్ చేశాను. రెండు నిమిషాలు మాట్లాడింది, మోకాళ్ల నొప్పుల గురించి, గాజుల ఊసు ఎవరం ఎత్తలేదు. పెట్టేసే ముందు పాపను ఫోన్‌లోకి ఇవ్వమంది.